పదకొండో రోజు ఎక్కడ? గోదావరి డెల్టాలో దానాలు, గూడు లేని కుటుంబాలు

మే నెల ఎండల్లో మా వైపు ఏటా ఏదో ఒక ఊళ్లో పుంత అంటుకుంటుంది. పుంత అంటే పాతకాలపు బండ్లదారి. దాని పక్కన వరసగా తాటాకు పాకలు. ఒక పొయ్యిలోంచి నిప్పురవ్వ ఎగిరి, దానికి గాడ్పు తోడైతే ఫైరింజన్ వచ్చేలోపు పదీ పదిహేను పాకలు బూడిదైపోతాయి. మర్నాడు పేపర్లో ‘కట్టుబట్టలతో మిగిలారు’ అని వస్తుంది. ఈ వార్తకు మరో వాక్యం ఉన్నట్టు నాకు గుర్తులేదు.

ఆ సాయంత్రానికే బియ్యం బస్తాలు దిగుతాయి. రాత్రికి ఎవరో ఒకరు పులిహోర, సాంబారన్నం వండించి పంపుతారు. రెండో రోజు దుప్పట్లు, చీరలు, స్టీలు గిన్నెలు వస్తాయి. రెడ్‌క్రాస్ వాళ్లు టార్పాలిన్లు, వంటపాత్రలు తెస్తారు. నాయకులు వచ్చి ఓదారుస్తారు, ఫొటోలు దిగుతారు. సెలవులే కాబట్టి ఊరి బళ్లో ఉండమంటారు. చావింటికొచ్చిన చుట్టాలు పెద్దకర్మ దాకా ఉండి, భోజనాలయ్యాక బస్సెక్కినట్టే ఈ హడావుడి కూడా పదిరోజుల్లో సద్దుమణుగుతుంది. జూన్‌లో బడి తెరుస్తారు, గదులు ఖాళీ చేయాలి. అప్పుడు ఆ కుటుంబాలు ఎక్కడికి వెళ్తాయన్నది ఏ దాతా అడగడు. అడిగితే ఇచ్చేవాళ్లు లేక కాదు. ఇచ్చిన రోజే పూర్తయ్యే దానం మనకు అలవాటు. ఇల్లు ఇచ్చిన రోజే పూర్తికాదు.

గూడు లేని కుటుంబాల విషయంలో దాతలు ఏం చేయగలరు, ఏం చేయలేరు అన్నదానికి సమాధానం ఈ ఒక్క తేడాలోనే చాలావరకు ఉందని నాకనిపిస్తుంది. అది విప్పి చూడాలంటే ముందు ‘ఇల్లు లేదు’ అంటే ఏమిటో తేల్చుకోవాలి.

లెక్కలో పడని వాళ్లు

2011 జనాభా లెక్కల్లో ఫిబ్రవరి 28 రాత్రి ఒక్కసారే దేశమంతటా ఇళ్లు లేనివాళ్లను లెక్కపెట్టారు. రోడ్డు పక్కన, ఫుట్‌పాత్ మీద, పెద్ద సిమెంటు గొట్టాల్లో, ఫ్లైఓవర్ల కింద, గుళ్లలో, మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద పడుకున్నవాళ్లు దొరికారు. దేశం మొత్తం మీద సుమారు 17.7 లక్షల మంది తేలారు. ఈ లెక్క పద్ధతి ఊహించుకున్న మనిషి నగరంలోని మనిషి. రాజమండ్రి స్టేషన్ దగ్గరో, పుష్కరఘాట్ మెట్ల మీదో అలాంటివాళ్లు కనిపిస్తారు. వాళ్లలో ఎక్కువమంది ఒంటరి మగవాళ్లు, ముసలివాళ్లు.

కుటుంబాలు అలా కనిపించవు. ఎదిగిన ఆడపిల్ల ఉన్న తల్లి ప్లాట్‌ఫారం మీద పడుకోదు, ఎక్కడో ఒకచోట చూరు కింద దూరుతుంది. డెల్టాలో ఆ చూర్లు రకరకాలు. భీమవరం, ఉండి వైపు చేపల చెరువు గట్టు మీద కాపలా కుటుంబం ఉండే రేకుల మకాం ఒకటి. పని ఉన్నంతవరకే మకాం, యజమాని మారితే గిన్నెలు సర్దుకోవాలి. ఇటుక బట్టీ పక్కన వేసుకున్న పాక ఇంకొకటి. అది ఇటుక కాలే సీజన్ వరకే. అత్తారింటి నుంచి తిరిగొచ్చిన చెల్లెలు ఇద్దరు పిల్లలతో అన్న ఇంటి వసారాలో ఉంటుంది, వదిన మొహం చూసి మాట్లాడుకుంటూ. పెళ్లయిన ముగ్గురు అన్నదమ్ములు ఒకే కాలనీ ఇంట్లో మధ్యలో చీర కట్టుకుని కాపురాలు చేస్తారు. ఏటిగట్టు మీద, పంటకాలువ గట్టు మీద ముప్పై ఏళ్లుగా ఉంటూ కరెంటు మీటరు, రేషన్ కార్డు సంపాదించుకుని, పట్టా మాత్రం లేనివాళ్లు మరికొందరు.

ఆ ఫిబ్రవరి రాత్రి లెక్కలో వీళ్లెవరూ ఇల్లు లేనివాళ్లు కారు. అందరికీ తల మీద ఏదో ఒకటి ఉంది. కానీ వీళ్లలో ఎవరికీ వచ్చే సంక్రాంతికి ఎక్కడ ఉంటామో చెప్పగల ధీమా లేదు. నా దృష్టిలో గూడు లేకపోవడమంటే ఇదే.

లెక్కలో పడకపోతే పథకంలోనూ పడరు. సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత, 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్‌లో నిరాశ్రయుల కోసం షెల్టర్లు పెట్టారు. లక్ష జనాభాకు కనీసం వంద మందికి చోటు ఉండాలన్నది నిబంధన, మనిషికి 50 చదరపు అడుగులు. కుటుంబాలకు విడిగా షెల్టర్లు పెట్టవచ్చని కూడా అందులో ఉంది. కానీ అది పట్టణాల పథకం. ఉప్పలగుప్తం మండలంలోనో, యలమంచిలి మండలంలోనో అర్ధరాత్రి ఒక తల్లి పిల్లలతో రోడ్డున పడితే ఆమెకు ఉన్న షెల్టరు రామాలయం అరుగే.

అన్నం పెట్టిన నేల

డెల్టాలో దాతలకు కొదవ లేదు. ఉన్నదంతా పరులకు ధారపోసినవాళ్ల కథలు వింటూ పెరిగాం. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841–1909) వేళాపాళా లేకుండా వచ్చినవాళ్లకల్లా అన్నం పెట్టారు. వంతెనలు లేని రోజుల్లో ఏరు దాటి వచ్చే బాటసారికి ఆ ఇల్లే ఆధారం. ఇప్పుడు రాష్ట్రంలో బడి పిల్లల మధ్యాహ్న భోజనం ఆమె పేరు మీదే ఉంది. గోదావరి పాయ వైనతేయ మీద కాలువను దాటించే అక్విడక్టుకూ ఆమె పేరే. మల్లాడి సత్యలింగ నాయకర్ గారు రంగూన్‌లో గడించిన ఆస్తిని చదువుకూ ధర్మకార్యాలకూ విల్లు రాసి పోయారు. కాకినాడ జగన్నాథపురంలో ఆ సంస్థలు నేటికీ ఉన్నాయి. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు వితంతువులకు ఆశ్రయం కల్పించి, తన ఆస్తిని హితకారిణి సమాజానికి రాసిచ్చారు. పిఠాపురం మహారాజా కాకినాడలో అనాథ శరణాలయం పెట్టించారు.

ఈ జాబితాను ఇంకోసారి చదవండి. బాటసారికి అన్నం, విద్యార్థికి చదువు, వితంతువుకు ఆశ్రయం, అనాథకు శరణాలయం. అన్నీ గొప్పవే, కానీ అన్నీ విడి మనుషుల కోసమే. మొగుడూ పెళ్లాం ఇద్దరు పిల్లలు కలిసి రోడ్డున పడితే ఏం చేయాలన్నది ఆ కాలపు దాతృత్వానికి ప్రశ్నే కాదు. ఎందుకంటే అప్పట్లో కూలి కుటుంబానికి పాక ఉండేది. ఆ పాక ఆసామి దొడ్డి వెనకో, తోట మూలో ఉండేది. నేల ఆసామిది, పాలేరు పని చేసినంతకాలం తాటాకు కప్పుకోవచ్చు. మాట తేడా వస్తే పాక పీకేసుకోవాలి. ఊరికి దాన్ని ధర్మం చేయాల్సిన విషయంగా చూసే అలవాటు లేకపోయింది, అది పనిలో భాగం కాబట్టి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో నీళ్లు పారిన ప్రతి ఎకరానికీ విలువ వచ్చింది. అంతకుముందు ఎవరికీ పట్టని మెరక మీద కూడా పాకకు చోటు దొరకడం కష్టమైంది. మెట్ట ప్రాంతంలో ఊరి బయట బంజరు ఉంటుంది. డెల్టాలో అది అరుదు. చేను, చెరువు, కొబ్బరితోట, కాలువ, ఊరు, అంతే. మిగిలినవి గట్లూ పుంతలూ. పేదవాళ్లు గట్ల మీదకు చేరడానికి ఇదే కారణం. వాళ్లకు అక్కడ ఉండటం ఇష్టమై కాదు, ఆ నేలకు వరి పండే యోగ్యత లేక ఎవరూ అడ్డుచెప్పలేదు, అంతే.

మూడు సెంట్ల చిక్కు

ఎవరైనా మనసున్న దాత ‘నేనొక కుటుంబానికి ఇల్లు కట్టిస్తా’ అని ముందుకొచ్చాడనుకోండి. మొదటి ప్రశ్న ఎక్కడ అన్నదే.

వాళ్లు ఉంటున్న కాలువ గట్టు మీద కట్టలేరు. అది జలవనరుల శాఖది. రెవెన్యూ భాషలో అభ్యంతరకర పోరంబోకు. అక్కడ ఎన్నేళ్లున్నా పట్టా రాదు. గట్టు వెడల్పు చేసినప్పుడో, పూడిక తీసినప్పుడో జేసీబీ వచ్చి నిలబడుతుంది. పట్టా లేని నేల మీద దాత కట్టించిన స్లాబు ఇల్లు కూడా ఆ జేసీబీకి పాకతో సమానమే. ప్రైవేటు నేల కొందామంటే ఊళ్లో ఇంటి స్థలం సెంటు ధర విని దాత నీరుగారిపోతాడు. పోనీ చందాలు పోగుచేసి కొన్నా, ఒక కుటుంబానికి అయ్యేది ఊరందరికీ అవ్వదు.

అంటే నేల ప్రభుత్వమే ఇవ్వాలి. 2020 డిసెంబరు 25న యు.కొత్తపల్లి మండలం కొమరగిరిలో మొదలుపెట్టి రాష్ట్రమంతటా 30 లక్షలకు పైగా ఇళ్ల పట్టాలిచ్చారు. పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం పల్లెల్లో మూడు సెంట్లు, పట్టణాల్లో రెండు ఇస్తామంది. ఇంత పెద్ద ఎత్తున నేల సేకరించడం ఏ దాతకూ, ఏ ట్రస్టుకూ సాధ్యం కాదు. ఏ పార్టీ ఎంత ఇచ్చిందన్న వాదన టీకొట్టు దగ్గర చేసుకుందాం. నేల విషయంలో దానం ప్రభుత్వానికి ప్రత్యామ్నాయం కాదన్నది ఇక్కడ ఒప్పుకుంటే చాలు.

అయితే పట్టా చేతికొచ్చాక మొదలయ్యే చిక్కు ఇంకొకటుంది. డెల్టాలో తక్కువ ధరకు దొరికే నేల పల్లపు నేలే. వానొస్తే మోకాలి లోతు. అక్కడ ఇల్లు కట్టాలంటే ముందు మెరక చేయాలి. సెంటున్నర అంటే సుమారు 650 చదరపు అడుగులు. దాన్ని మూడడుగులు ఎత్తు లేపాలంటే దాదాపు 1,950 ఘనపుటడుగుల మట్టి కావాలి. ట్రాక్టరు తొట్టికి వంద ఘనపుటడుగులు వేసుకున్నా ఇరవై లోడ్లు. పునాదికి ఒక్క రాయి వేయకముందే ఇరవై ట్రాక్టర్ల మట్టి! లేఅవుట్ మొత్తం మెరక చేయకుండా ఒక్కరే లేపుకుంటే పక్కవాళ్ల స్థలం చెరువవుతుంది, ఆ గొడవ వేరే.

2020లో పట్టాలిచ్చిన పథకంలో ఇంటికి ఇచ్చింది 1.8 లక్షలు. అందులో లక్షన్నర కేంద్ర పథకం నుంచి, 30 వేలు ఉపాధి హామీ కింద. ఈ డబ్బు చాలదని తర్వాత ప్రభుత్వమే ఒప్పుకుంది. అసంపూర్తిగా ఆగిన ఇళ్లకు 2025లో అదనంగా ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు ప్రకటించింది. దాన్నిబట్టే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు.

అంతకంటే పెద్ద చిక్కు డబ్బు వచ్చే పద్ధతిలో ఉంది. పల్లెల్లో దీన్ని ‘బిల్లు పడటం’ అంటారు. పునాది లేచాక బేస్‌మెంట్ బిల్లు, గోడలు లేచాక రూఫ్ బిల్లు, ఆ తర్వాత స్లాబ్ బిల్లు. ప్రతి దశలోనూ ముందు మన చేతి డబ్బు పెట్టాలి, ఫొటో తీయాలి, ఆన్‌లైన్‌లో ఎక్కాలి, అప్పుడు బిల్లు. చేతిలో డబ్బున్నవాడికి ఈ పద్ధతి బాగానే ఉంటుంది. కొబ్బరి ఒలుపుకు వెళ్లే మనిషికి బేస్‌మెంట్ దాకా రావడానికి కావాల్సిన మొదటి పెట్టుబడి ఎక్కడిది? అతను నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తాడు. బిల్లు ఆలస్యమైతే వడ్డీ పెరుగుతుంది. మధ్యలో ఆగిపోతుంది. లేఅవుట్లలో నడుము ఎత్తున ఆగి, మధ్యలో తుమ్మచెట్లు మొలిచిన గోడలు చూసే ఉంటారు. వాటి యజమానులకు ఇల్లు మంజూరైంది కాబట్టి ఇంకో పథకంలో పేరు రాదు. కాగితం మీద ఇల్లున్నవాళ్లు, బతుకులో లేనివాళ్లు.

ఈ మధ్య ఖాళీలోనే దాతకు అసలైన పని ఉందంటాను. నేల ప్రభుత్వానిది, కట్టుబడి డబ్బు ప్రభుత్వానిది. ఆ రెంటి మధ్య మట్టి లోడ్లు, మొదటి దశ పెట్టుబడి, ఇల్లు లేచేదాకా ఆరేడు నెలల అద్దె. ఇవి ఎవరివీ కావు.

వరదకు వచ్చే డబ్బు, కోతకు రాని డబ్బు

విపత్తు వస్తే మన దగ్గరకు దేశమంతా వస్తుంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు ఎక్కింది. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుఫాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది, కోనసీమలో కొబ్బరిచెట్లను పుల్లల్లా విరిచేసింది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర మళ్లీ 71 అడుగులు దాటి, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కుల పైగా నీరు సముద్రానికి పోయింది. ఏటి మధ్య దీవుల్లా ఉండే లంకలన్నీ మునిగాయి. ప్రతిసారీ పడవల్లో పాలప్యాకెట్లు, కూరగాయలు, కొవ్వొత్తులు చేరాయి. 1996 తర్వాత కొన్ని సంస్థలు ఇళ్లూ కట్టించాయి.

కానీ ఏటికోత గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. గౌతమి, వశిష్ఠ, వైనతేయ ఒడ్డున ఉన్న లంకల్లో ఏటా కొంత నేల నీళ్లలోకి జారిపోతుంది. ముందు కొబ్బరిచెట్టు, తర్వాత దొడ్డి, తర్వాత వంటగది. ఒక్కరోజులో జరగదు కాబట్టి టీవీల్లో రాదు. ఉప్పాడ తీరాన సముద్రం చేసేదీ ఇదే. వరదలో మునిగిన ఇల్లు నీరు తీశాక కడుక్కుంటే మళ్లీ ఇల్లే. కోతలో పోయిన ఇంటికి నేలే ఉండదు. కాబట్టి కోత బాధితుడికి అవసరం ఎక్కువ, సాయం తక్కువ. దాతల మనసు ఒక్కసారిగా జరిగే నష్టానికి కరుగుతుంది, నెమ్మదిగా జరిగేదానికి అలవాటు పడుతుంది. ఇది మన ఒక్కరి బలహీనత కాదనుకోండి, అయినా ఒప్పుకోవాలి.

చట్టాలు కూడా కొంతవరకు ఈ తీరుకే తోడ్పడతాయి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువో, 1,000 కోట్ల టర్నోవరో, 5 కోట్ల నికర లాభమో ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. దాన్నే సీఎస్ఆర్ అంటున్నాం. కార్యకలాపాలున్న ప్రాంతానికి ప్రాధాన్యమివ్వాలని కూడా చట్టంలో ఉంది. చమురు, గ్యాస్ కంపెనీలున్న మన కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌కు ఇది చిన్న విషయం కాదు. కానీ ఆ డబ్బు దేనికి వాడొచ్చో చెప్పే ఏడో షెడ్యూల్ చూడండి. మహిళలకు, అనాథలకు హోములు, హాస్టళ్లు ఉన్నాయి. వృద్ధాశ్రమాలున్నాయి. మురికివాడల అభివృద్ధి ఉంది. విపత్తు సాయం, పునరావాసం 2019లో చేరాయి. అద్దె కట్టలేక వీధిన పడబోతున్న కుటుంబం అన్న మాట మాత్రం విడిగా లేదు. ఏదో ఒక గడిలో ఇరికించి రాసుకోవచ్చు. అంత శ్రమ ఎందుకని కంపెనీ మంచినీళ్ల ఆర్వో ప్లాంటు పెట్టించి, బోర్డు తగిలించి వెళ్లిపోతుంది.

మామూలు దాత సంగతీ అంతే. ఆదాయపన్ను శాఖ గుర్తింపు (80జీ) ఉన్న సంస్థకు చెక్కు రాస్తే, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు పన్ను మినహాయింపు. రెండు వేలకు మించి నగదిస్తే ఆ మినహాయింపు లేదు. నేరుగా ఒక కుటుంబం ఇంటద్దె కడితే అసలే లేదు. విదేశాల్లో ఉన్న దాతల డబ్బు ఇంకో దారి. 2020లో సవరించిన విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) ప్రకారం విదేశీ నిధులు అందుకున్న సంస్థ వాటిని వేరే సంస్థకు ఇవ్వకూడదు, నిర్వహణ ఖర్చు 20 శాతం దాటకూడదు. పెద్ద సంస్థలు నగరాల్లో ఉంటాయి, లంక ఊళ్లో ఎవరింట్లో ఏం జరుగుతోందో తెలిసిన చిన్న సంఘానికి ఆ అనుమతి ఉండదు. పెద్ద సంస్థ చిన్న సంఘం ద్వారా పని చేయించుకునే దారి అలా మూసుకుపోయింది. పైగా కుటుంబాలకు అండగా నిలిచే పనిలో ఎక్కువ ఖర్చు మనుషుల జీతాలే. కాగితాలు రాసిపెట్టే మనిషి, తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగే మనిషి. లెక్కల్లో అదంతా ‘నిర్వహణ’ కింద పోతే ఆ పని చేసేవాళ్లే మిగలరు.

కుటుంబాన్ని విడదీసే దయ

ఇది కొంచెం నిష్ఠూరంగా ఉంటుంది. గూడు పోయిన కుటుంబానికి ఊరిచ్చే మొదటి సలహా ఏమిటి? ‘పిల్లల్ని హాస్టల్లో పడేయండమ్మా.’ తల్లి గల్ఫ్‌కు పనికి వెళ్తుంది. కోనసీమ నుంచి కువైట్‌కు, మస్కట్‌కు ఇంటిపనికి వెళ్లేవాళ్లు ఎంతమందో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. తండ్రి చెరువు మకాంలో ఉంటాడు. పిల్లలు అనాథాశ్రమంలో. ముగ్గురికీ తలో పైకప్పు దొరికింది, ఇల్లు మాత్రం పోయింది.

ఆశ్రమాలకు విరాళాలు బాగా వస్తాయి. పుట్టినరోజుకు అక్కడ కేకు కోసి భోజనం పెట్టడం మధ్యతరగతిలో ఆనవాయితీ అయింది. నేనూ పెట్టాను, ఫొటోలు కూడా ఉన్నాయి. ఆ వరసలో కూర్చున్న పిల్లల్లో తల్లో తండ్రో బతికున్నవాళ్లు ఎందరని అడగాలని మాత్రం నాకప్పుడు తోచలేదు. 2015 బాలల న్యాయ చట్టం పిల్లల్ని సంస్థల్లో ఉంచడం చిట్టచివరి మార్గం కావాలంటుంది. కేంద్రం మిషన్ వాత్సల్యలో స్పాన్సర్‌షిప్ పేరిట, కష్టంలో ఉన్న కుటుంబం పిల్లాడిని తన దగ్గరే పెంచుకోవడానికి నెలకు 4,000 రూపాయలిచ్చే ఏర్పాటుంది. దాతలూ ఇలా ఆలోచిస్తే ఆశ్రమంలో ఒక బిడ్డకయ్యే నెల ఖర్చుతో పల్లెలో ఆ తల్లీబిడ్డలకు గది అద్దె కట్టవచ్చు. కాకపోతే అక్కడ కేకు కోయడానికి ఎవరూ పిలవరు.

ఇది బయట దేశాల్లో పరీక్షించి చూసిన విషయమే. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో గేట్స్ ఫౌండేషన్ 2000లో 4 కోట్ల డాలర్లతో ‘సౌండ్ ఫ్యామిలీస్’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ఇల్లులేని కుటుంబాలకు తాత్కాలిక నివాసాలు, వాటితోపాటు ఉద్యోగం, కౌన్సెలింగ్ లాంటి సేవలు. ఆ అనుభవం తర్వాత అదే సంస్థ దారి మార్చుకుంది. కుటుంబం రోడ్డున పడకముందే ఆపడం, పడితే త్వరగా మామూలు అద్దింటికి చేర్చడం మీదకు మళ్లింది. అమెరికా కేంద్ర ప్రభుత్వం 12 ప్రాంతాల్లో 2,282 కుటుంబాలతో చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2016లో పూర్తిగా వచ్చాయి. షెల్టర్లలో ఉన్న కుటుంబాలకు రకరకాల సాయాలు ఇచ్చి పోల్చి చూస్తే, దీర్ఘకాలం అద్దెకు సాయం దొరికిన కుటుంబాలే మళ్లీ వీధిన పడటం బాగా తగ్గింది. సేవలతో కూడిన తాత్కాలిక నివాసం అంత పని చేయలేదు. ఇంకో సంగతి కూడా తేలింది. అద్దె సాయం అందిన కుటుంబాల్లో పిల్లలు తల్లిదండ్రులకు దూరమవడమూ తగ్గింది.

అక్కడి అద్దెలు, చట్టాలు, చలి వేరు. మక్కికి మక్కి దించేయలేం. కానీ కుటుంబానికి ముందు తలుపున్న గది కావాలి, మిగతావి దాని తర్వాత అన్న మాట అమలాపురానికైనా అంతే.

ఎవరికి ఇస్తాం?

ఇంకో మాట చెప్పకపోతే అబద్ధమాడినట్టే. మన దానాలు కులం దారుల్లో నడుస్తాయి. కుల సంఘాల హాస్టళ్లు, కల్యాణ మండపాలు, స్కాలర్‌షిప్పులు. డబ్బున్న కులాలకు దాతలు ఎక్కువ, అవసరం తక్కువ. పుంతల్లో, గట్ల మీద, పేటల్లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది దళితులు, మత్స్యకారులు, సంచార కులాలవాళ్లు. వాళ్లలో పైకొచ్చినవాళ్లు ఇస్తున్నారు, కానీ వాళ్ల వెనక తరాల ఆస్తి లేదు. అద్దె విషయంలో ఇది మరీ నగ్నంగా కనిపిస్తుంది. దాత ఆరు నెలల అద్దె కడతానన్నా, పేరు అడిగి, ఊరు అడిగి, చివరికి ‘మీరేమిటోళ్లండీ?’ అని అడిగి గది లేదనే ఇంటి ఓనర్లున్నారు. అప్పుడు డబ్బు పని చేయదు. ఆ ఓనరుతో మాట్లాడి, తనే అగ్రిమెంటు మీద సంతకం పెట్టి పూచీ పడే పెద్దమనిషి కావాలి. చందా కంటే అరుదైన దానం అదే.

దానానికి ఇంకో పరిమితి ఉంది. పట్టా ఇవ్వకపోతే కలెక్టరేట్ ముందు ధర్నా చేయొచ్చు, కోర్టుకెళ్లొచ్చు. దాత ఆపేస్తే ఎవరినీ అడగలేం. అందుకే నెలనెలా ఒకే దాత మీద బతికే ఏర్పాటు కుటుంబానికి ఇంకో ఆసామి దొడ్డి లాంటిదే అవుతుంది. నా అభిప్రాయం ఏమిటంటే దాతల డబ్బు కొద్దికాలం పనికి పెట్టాలి, హక్కుగా రావాల్సిన దాన్ని రప్పించడానికి పెట్టాలి. కాలిపోయిన ఆధార్, రేషన్ కార్డులు తిరిగి తీయించడం, వేరు కాపురం పెట్టిన కొడుకు పేరు ఇంటి స్థలం అర్జీలో ఎక్కించడం, గ్రామ సచివాలయంలో ఎక్కడ ఆగిందో కనుక్కోవడం. బస్సు చార్జీలు, జిరాక్సులు, పోయిన కూలి కలిపినా పెద్ద మొత్తం కాదు. ఆ కూలి పోతుందన్న భయంతోనే చాలామంది రెండోసారి ఆఫీసుకు వెళ్లరు.

ఇక ఊరి స్థాయిలో చేయగలిగేది ఒకటుంది. అన్నదానానికి పోగయ్యే చందాలో పదో వంతు పక్కన పెట్టి, ఐదారుగురు, అందులో ఇద్దరైనా డ్వాక్రా మహిళలు, ఖాతా చూసుకుంటే చాలు. పట్టా ఉండి పునాది వేయలేని కుటుంబానికి మట్టి లోడ్లకు ఇచ్చేది ఇచ్చేసినట్టే, అది తిరిగి రాదు. బేస్‌మెంట్ పెట్టుబడి మాత్రం వడ్డీ లేని చేబదులు. బిల్లు పడగానే తిరిగి ఖాతాలో పడాలి, అదే డబ్బు పక్కింటి పునాదికి వెళ్లాలి. ఒక లక్ష రూపాయలు ఇలా చేతులు మారుతూ ఉంటే ఏడాదిలో ఎన్ని గోడలు లేస్తాయన్నది బిల్లులు ఎంత త్వరగా పడతాయన్నదాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి ఆ ఐదారుగురిలో ఒకరికి హౌసింగ్ ఆఫీసులో కూర్చుని అడిగే ఓపిక ఉండాలి.

దీనికి కాలం కూడా చూసుకోవాలి. మట్టి తోలకం ముందటి ఏడాది వేసవిలో, కాలువలకు నీళ్లు ఆపేశాక, నేల ఆరినప్పుడే జరుగుతుంది. పునాది సంక్రాంతి వెళ్లగానే పడాలి. గోడలు ఉగాదికి లేవాలి. పుంతలు అంటుకునే రోజులకు స్లాబు పడితే, జూలైలో ధవళేశ్వరం దగ్గర ఎర్రనీరు కనిపించేసరికి ఆ ఇంటివాళ్లు గట్టు మీద ఉండక్కర్లేదు.